దయచేసి నాకు రెండు ఇడ్లీలు ఇవ్వగలరా?

గుంటూరు హోటళ్ల మీద నాకో ఫిర్యాదు ఉంది. రుచి గురించి కాదు, రేట్ల గురించి అసలే కాదు. ఇవి పాఠ్యపుస్తకం ప్రకారం నడవడం లేదు.

బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాక, డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి ఆరు నెలలు వెళ్లొద్దామని మా ఆవిడ నిర్ణయించింది. "అక్కడ హోటల్‌కెళ్తే నోరు తెరవకుండా వాడి మొహం చూస్తూ కూర్చుంటారు మీరు" అని తనే నన్ను బ్రాడీపేటలో ఓ స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో చేర్పించింది. 45 రోజుల కోర్సు. బ్రాడీపేట, అరండల్‌పేట అంటూ ఇంగ్లిషు పేర్లు మోస్తున్న పేటల్లో పుట్టి పెరిగినవాడికి ఆ భాష గడగడా రాకపోవడం ఏమిటని నాకూ అనిపించింది. క్లాసులో నేను కాక ఎనిమిది మంది, అందరూ బీటెక్, బీఫార్మసీ పిల్లలే. నన్ను అంకుల్ అంటారు. ఇంగ్లిషులో నాకు దక్కిన మొదటి బిరుదు అది.

పన్నెండో పాఠం పేరు "ఎట్ ద రెస్టారెంట్". ఆ పాఠంలో హోటల్ ఎంత పద్ధతిగా ఉంటుందో చెప్తాను. గుమ్మం దగ్గర ఒకమ్మాయి నిలబడి ఎంతమందని అడుగుతుంది. మీరు "ఏ టేబుల్ ఫర్ టూ, ప్లీజ్" అంటారు. ఆ అమ్మాయి తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. సర్వర్ వచ్చి ముందు తన పేరు చెప్పుకుని, తర్వాత మీ క్షేమం అడుగుతాడు. మరి మన దగ్గర? మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఏ మీల్స్ హోటల్‌కైనా వెళ్లండి. టేబుల్ ఎవరూ చూపించరు. పెరుగన్నంలోకి వచ్చినవాణ్ణి మీరే వెతుక్కుని, అతని కుర్చీ వెనక నిలబడాలి. సాంబారు దగ్గరున్నవాడి వెనక నిలబడ్డవాడు ఆ పూట పస్తే. ఈ విద్య పుస్తకంలో ఒక్క లైనైనా లేదు. అంటే ఇది తప్పన్నమాట.

కూర్చున్నాక నీళ్లు. పాఠంలో సర్వర్ "స్టిల్ ఆర్ స్పార్క్‌లింగ్?" అంటాడు. స్టిల్ అంటే మామూలు నీళ్లు, స్పార్క్‌లింగ్ అంటే గ్యాసు పట్టించినవి, మన సోడా. నీళ్లకి ఇంత ప్రశ్నేంటి సార్ అని ఓ కుర్రాడు అడిగితే సార్ నవ్వి ఊరుకున్నారు.

ఆ తర్వాత ‘ఆంట్రే’ వస్తుంది. ఇది ఫ్రెంచి మాట. ఫ్రాన్సులో భోజనానికి ముందు పెట్టేదాన్ని అలా అంటారు. అదే మాట అమెరికా చేరేసరికి అసలు భోజనమే అయి కూర్చుంది. విస్తట్లో మొదట వడ్డించిన పులిహోర ఓడెక్కి వెళ్లి అక్కడ పప్పన్నంగా దిగినట్టు. ఇలాంటి భాషని మనం తప్పు పట్టకూడదు, కంఠస్థం చేయాలి. చేశాను.

అసలు కష్టం స్టేక్ దగ్గర వచ్చింది. "హౌ వుడ్ యూ లైక్ యువర్ స్టేక్?" అని సర్వర్ అడిగితే, రేర్, మీడియం, వెల్ డన్... వీటిలో ఒకటి చెప్పాలి. స్టేక్ అంటే ఏంటని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. సార్ క్లాసంతా ఓసారి కలయజూసి, ఎవరి మనసూ నొప్పించకుండా, "ఒక రకం ముక్క" అన్నారు. రేర్ అంటే లోపల పచ్చిగా ఉండేది, వెల్ డన్ అంటే పూర్తిగా కాలినది. పక్క కుర్రాడికి ప్రాక్టీసులో సార్ "వెల్ డన్?" అని అందిస్తే, వాడు లేచి నిలబడి "థాంక్యూ సార్" అన్నాడు.

మన హోటల్లో ఇలాంటి ప్రశ్న లేదా అంటే, ఉందనే చెప్పాలి. దోశ ఎర్రగా కాల్చాలా, మెత్తగా తియ్యాలా? నెయ్యా, నూనా? కారం లోపల పూయాలా, పైన చల్లాలా? ఉల్లిపాయ వెయ్యాలా వద్దా? ఈ నాలుగింటికీ సర్వర్ ఆగకుండా, నడుస్తూ, చేతి మీద మూడు ప్లేట్లతో జవాబులు పట్టుకుపోతాడు. కానీ ‘హౌ వుడ్ యూ లైక్’ అనలేదు గదా. కాబట్టి లెక్కలోకి రాదు.

ఇక బిల్లు. అమెరికాలో బిల్లుని చెక్ అంటారట. 34 ఏళ్లు చెక్కులు పాస్ చేసినవాణ్ణి, "చెక్ ప్లీజ్" అని నేను అడిగితే వాళ్లు నాకివ్వాలి కానీ, నా దగ్గర తీసుకోవడమేంటో ఇప్పటికీ మింగుడు పడలేదు. దాని మీద 15 నుంచి 20 శాతం టిప్పు. సోంపు ప్లేటులో పది నోటు పెట్టి, అది ఎగిరిపోకుండా దాని మీద ఒక పటికబెల్లం ముక్క పెట్టి లేచే జాతి మనది. శాతాలు లెక్కకట్టి తినాలంటే తిన్నది అరుగుతుందా? పైగా పాఠంలో డబ్బు సంగతి ఆఖరి పేజీలో ఉంది. ఇక్కడ టిఫిన్ హోటల్‌కెళ్తే గుమ్మంలోనే టోకెన్. ముందు డబ్బు, తర్వాత దోశ. పాఠాన్ని వెనక నుంచి ముందుకి చదువుకోవాల్సి వస్తోంది.

ఇన్ని అడ్డంకులున్నా మా సార్ వెనక్కి తగ్గలేదు. ఆదివారం ప్రాక్టికల్ అన్నారు. అరండల్‌పేటలో ఓ టిఫిన్ హోటల్, తొమ్మిది మందిమి, ఒక ప్లాస్టిక్ డబ్బా. తెలుగు మాట నోట్లోంచి వస్తే 10 రూపాయలు డబ్బాలో వెయ్యాలి.

ముందు బెంచీ అమ్మాయి టోకెన్ దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, "గుడ్ మార్నింగ్. ఐ వుడ్ లైక్ టు హ్యావ్ టూ ఇడ్లీస్, ప్లీజ్" అంది. కౌంటర్ మీదాయన తలెత్తకుండా, "సాంబార్ ఇడ్లీనా, నెయ్యి ఇడ్లీనా? టేబులా, పార్సిలా?" అన్నాడు. ఆ పిల్ల "పార్సిల్... కాదు, టేబుల్" అంది. అక్కడ మొదలైంది గొడవ. ‘కాదు’ తెలుగే, అందులో వాదన లేదు. పార్సిల్ సంగతేంటి? ఇంగ్లిషే గదా అని పిల్లలు. ఇంగ్లిషువాడికి పార్సిల్ అంటే పోస్టులో వెళ్లేది, ఇడ్లీలు పోస్టులో వెళ్లవు అని సార్. చివరికి అది ఇంగ్లిషే కానీ తప్పు ఇంగ్లిషు అని తేల్చి 5 రూపాయలు వేయించారు. ఆ లెక్కన హోటల్, టిఫిన్, మీల్స్, వన్ బై టూ... గోడ మీదున్న బోర్డంతా సగం జరిమానాకి వస్తుంది. వెనక క్యూలో ఉన్నాయన "అమ్మా, మీ పంచాయితీ తర్వాత తేల్చుకోండి, బస్సుంది నాకు" అన్నాడు. ఆయన దగ్గర వసూలు చెయ్యలేకపోయాం.

నాకు మాత్రం ఇంకో ప్రయోగం చేయాలనిపించింది. ఇంగ్లిషు మర్యాదని తెలుగులో పెట్టి చూద్దామని, సర్వర్ కుర్రాడితో "దయచేసి నాకు ఇంకొంచెం చట్నీ ఇవ్వగలరా?" అన్నాను, ముందే డబ్బాలో యాభై వేసి. ఆ కుర్రాడు గాభరాగా నా మొహంలోకి చూశాడు. మన దగ్గర ‘దయచేసి’ అనేది రైల్వే స్టేషన్లో మైకు. హోటల్లో ఆ మాట అన్నవాడు తర్వాత డబ్బుల్లేవని చెప్పబోతున్నాడనే అర్థం. "చట్నీ కాస్త వెయ్యి బాబూ" అంటే ఆ ‘కాస్త’లో ఒక ప్లీజు, ‘బాబూ’లో ఒక ప్లీజు ఉన్నాయని మా పుస్తకం రాసినవాళ్లకి ఎవరు చెప్తారు!

తేరుకుని, "అల్లమా, పల్లీయా సార్?" అన్నాడు. యాసలో ఏదో తేడా కనిపించి ఏ ఊరని అడిగాను (20 రూపాయలు). ఒడిశా అట, వచ్చి ఎనిమిది నెలలైందట. తెలుగు ఎక్కడ నేర్చుకున్నావంటే (ఇంకో 30) చేత్తో ఆ హాలంతా చూపించాడు. మొదటి వారం చట్నీ, సాంబారు, నీళ్లు. రెండో వారం "అయిపోయింది", "వస్తుంది", "రెండు నిమిషాలు". ఇప్పుడు మాతో తెలుగు, వంట మాస్టర్‌తో హిందీ, ఫోనొస్తే ఒడియా, లోపలికి కేకేసేటప్పుడు "టూ ఇడ్లీ, వన్ రోస్ట్". ఫీజు కట్టలేదు. పన్నెండో పాఠం చదవలేదు. చేతిలో సర్టిఫికెట్ లేకుండా ఒక మనిషి ఎనిమిది నెలల్లో భాష మాట్లాడేస్తుంటే సంబంధిత శాఖలు ఏం చేస్తున్నాయని అడుగుతున్నాను.

సార్ ఇదంతా పట్టించుకోలేదు. పాఠంలో మిగిలిన ఆఖరి ప్రశ్న ఆయనే అడిగి చూపిస్తానన్నారు. ఆయన గుంటూరు వచ్చి మూడు నెలలే అయింది. ఎదురుగా కారం దోశ పెట్టగానే, దాన్ని వేలితో చూపిస్తూ, ఒక్కో అక్షరం ఒత్తి, "ఎక్స్‌క్యూజ్ మీ, ఈజ్ దిస్ స్పైసీ?" అన్నారు.

మిరప యార్డు ఉన్న ఊళ్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఇక్కడ అడిగితే గిడిగితే మిరప రకం తేజానా, 334నా అని అడుగుతారు. కుర్రాడు దోశ వైపు, సార్ వైపు చూసి, "లేదు సార్, మామూలే" అన్నాడు. అబద్ధం కాదు, వాడికి తెలిసిన మామూలు అదే.

సార్ పెద్ద ముక్కే తుంచారు. రెండు క్షణాలు ఏమీ కాలేదు. మూడో క్షణంలో చెవులు ఎర్రబడ్డాయి, కళ్లజోడు తీసేశారు. "అమ్మో! నీళ్లు! నీళ్లు!"

ముందు బెంచీ అమ్మాయి డబ్బా ఆయన ముందుకి జరిపింది. "త్రీ వర్డ్స్ సార్. థర్టీ రుపీస్, ప్లీజ్."

కుర్రాడు మాత్రం కదల్లేదు. టవల్ భుజాన సర్దుకుని అడిగాడు.

"బాటిలా సార్, మామూలువా?"