పుల్లబడిన బీరుకు క్రాఫ్ట్ అని పేరు పెట్టి అమ్మకండి

నిన్న రాత్రి హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు ఉన్న ఒక మైక్రోబ్రూవరీలో, అంటే బీరు అక్కడే కాచి అమ్మే చోట, పుల్లబడిన వీట్ బీరు (గోధుమ బీరు) తెచ్చి పెట్టారు. ఇది చెడిపోయింది, మార్చండి అని అడిగితే, "క్రాఫ్ట్ బీరు ఇలాగే ఉంటుంది సార్, అలవాటు లేనివాళ్లకు మొదట్లో అలా అనిపిస్తుంది" అని జవాబిచ్చారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది. సరుకు చెడిపోవడం ఎక్కడైనా జరుగుతుంది, దానికి నాకు కోపం లేదు. చెడిపోయిన సరుకు నా ముందు పెట్టి, లోపం నా నాలుకలో ఉందని నాకే చెప్పడాన్ని మాత్రం క్షమించలేను.

గ్లాసు బల్ల మీద పెట్టగానే అనుమానం వచ్చింది. నురుగు నిమిషం కూడా నిలవకుండా అణిగిపోయింది. గాజు లోపలి అంచుల వెంట బుడగలు గుంపులుగా అతుక్కుని కదలకుండా ఉన్నాయి. శుభ్రంగా కడిగిన గ్లాసులో బుడగలు పైకి లేచిపోతాయి; జిడ్డో, సరిగా పోని సబ్బో మిగిలితేనే అలా పక్కలను పట్టుకుని వేలాడతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటైన వెనిగర్ వాసన, ఒక గుక్క తాగితే గొంతు దాకా పులుపు. పక్కన కూర్చున్న మా బావమరిది కూడా ఒక గుక్క తాగి గ్లాసు దూరంగా జరిపేశాడు.

జర్మన్ పద్ధతి వీట్ బీరుకు వాడే మాల్టులో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యంలో, కనీసం సగం గోధుమదే ఉంటుంది. అందులో వచ్చే అరటిపండు వాసన, లవంగం వాసన ఎవరో పండ్లూ మసాలాలూ కలిపితే వచ్చేవి కావు, ఆ బీరుకు వాడే ప్రత్యేకమైన ఈస్టు పులిసేటప్పుడు పుట్టించేవి. వెనిగర్ వాసన మాత్రం ఈస్టు పని కాదు. ట్యాంకులోనో, ట్యాంకు నుంచి ట్యాప్ దాకా వచ్చే గొట్టాల్లోనో బ్యాక్టీరియా చేరితే వచ్చేది అది. ఆ గొట్టాలను కనీసం రెండు వారాలకు ఒకసారి రసాయనంతో కడగాలన్నది ఈ వ్యాపారంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి. బెల్జియంలో కావాలనే పుల్లగా చేసే బీర్లు ఉన్నాయి, వాటిని నేను ఇష్టంగా తాగుతాను. కానీ మెనూలో వీట్ బీరు అని రాసి, ట్యాప్ కడగక వచ్చిన పులుపును శైలి అని చెప్పుకోవడానికి ఆ బీర్లను అడ్డం పెట్టుకోవడం మోసం.

మేనేజరు వచ్చారు. ఈ బీరు ఎప్పుడు కాచారు అని అడిగాను, తెలియదన్నారు. ట్యాంకు ఎప్పుడు తెరిచారు అని అడిగాను, అదీ తెలియదన్నారు. బీరు కాచే బ్రూవర్‌తో మాట్లాడతానంటే ఆయన ఇక్కడ ఉండరు, అప్పుడప్పుడూ వచ్చి వెళతారన్నారు. చివరికి, "మేము ఇందులో బనానా ఫ్లేవర్ కలుపుతాం సార్, అది ఈ రోజు తక్కువైనట్టుంది" అన్నారు. తమ దగ్గర తయారయ్యే బీరు ఎలా తయారవుతుందో తెలియని మనిషిని ఆ బీరు అమ్మే చోటుకు మేనేజరుగా పెట్టిన యజమాని, ఆ గోడ నిండా రాగి రంగు ట్యాంకులు, దీపాలు, వేలాడే పూలకుండీలు, ఫొటోలు దిగడానికి రెక్కల బొమ్మలు పెట్టడానికి ఎంత ఖర్చు పెట్టి ఉంటారో ఆలోచించండి. అందులో ఒక చిన్న భాగం పెట్టి ట్యాప్ పక్కన ఒక పలక తగిలించి, ఈ బీరు ఫలానా తేదీన కాచాము, ఫలానా తేదీన ట్యాంకు తెరిచాము అని రాయలేరా? పాశ్చరైజ్ చేయకుండా, వడకట్టకుండా తాజాగా ఇస్తామన్నదే కదా వీళ్లు చెప్పుకునే గొప్ప! తాజాదనాన్ని అమ్ముతూ తేదీ చెప్పనివాళ్లను ఎందుకు నమ్మాలి?

మా ఊళ్లో తాటివనంలో కల్లు గీసే గౌడన్న దగ్గర తాటాకు రేక పట్టి తాగేటప్పుడు ఇది ఏ రకం తాటిచెట్టు కల్లు, పోతుతాడా, పరుపుతాడా, పండుతాడా అని అడిగితే ఆయన చెట్టు చూపించి చెప్పేవాడు. పొద్దున దించిందా, నిన్న సాయంత్రం దించిందా అన్నది అడగకుండానే చెప్పేవాడు, ఎందుకంటే ఎండెక్కేకొద్దీ కల్లు పుల్లబడుతుందని ఆయనకూ తెలుసు, తాగేవాడికీ తెలుసు. పుల్లబడింది అంటే ఎదురు వాదించకుండా పారబోసి ఇంకో ముంత అందుకునేవాడు. మెషిన్లూ థర్మామీటర్లూ లేని ఆ మనిషికి తన సరుకు మీద ఉన్న బాధ్యత, స్టీలు ట్యాంకులూ చల్లబరిచే యంత్రాలూ ఉన్న ఈ పెద్దమనుషులకు లేకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

నా బాధకు ఇంకో కారణం ఉంది. మన దగ్గర ఏళ్ల తరబడి ప్రభుత్వ కార్పొరేషన్ డిపోల నుంచి వచ్చిన సీసాలే దిక్కు. అవే కొన్ని బ్రాండ్లు, అదే స్ట్రాంగ్ బీరు. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చి, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక్కొక్కటే తెరుచుకుంటున్నప్పుడు నేను పండగ చేసుకున్నాను. మన ఊళ్లోనే కాచిన బీరు, కాచినవాడి పక్కనే కూర్చుని తాగవచ్చని సంబరపడ్డాను. కొన్ని చోట్ల ఆ ఆశ నిజమైంది కూడా. అందుకే ఇలాంటి చోట్లు నాకు కంటకంగా ఉంటాయి. మొదటిసారి వచ్చి ఈ పుల్లటి నీళ్లు తాగినవాడు క్రాఫ్ట్ బీరంటే ఇదే కాబోలు అనుకుని మళ్లీ ఆ వైపు చూడడు. శ్రద్ధగా పని చేసే బ్రూవర్ కష్టం కూడా అతనితో పాటే పోతుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. అపోలో ఫిష్ అంటే కొరమీను అని మెనూలో రాశారు. వచ్చింది ఫ్రిజ్‌లోంచి తీసిన బాసా అనే వేరే చేప, దాని చుట్టూ చేప కంటే మందంగా మైదా. కరివేపాకు నల్లగా మాడిపోయి ఉంది. బవేరియాలో 1812 నాటి రాజాజ్ఞ బీరు కాచేవాళ్లను తమ తోటల్లో బీరుతో పాటు రొట్టె తప్ప మరే తిండీ అమ్మనివ్వలేదు, అందుకని జనం ఇంటి నుంచి తిండి తెచ్చుకునేవారు; ఆ అలవాటు అక్కడి బీర్ గార్డెన్లలో ఇప్పటికీ ఉంది. మన దగ్గర కూడా అలా అనుమతిస్తే మా ఆవిడ చేసిన శనగ గుగ్గిళ్లు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పట్టుకెళ్లేవాడిని, ఆ మైదా ముద్ద తినవలసిన ఖర్మ పట్టేది కాదు.

ఇక బిల్లు. తాగని బీరు కూడా అందులో ఉంది, అది తీయించడానికి మేనేజరుతో మళ్లీ వాదించాను. దాని కింద పది శాతం సర్వీస్ ఛార్జ్ వేసి ఉంది. ఇది నాకు పాత పగ, నిన్న పుట్టింది కాదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల్లో సర్వీస్ ఛార్జ్ తనంతట తాను బిల్లులో వేయకూడదని, వేరే పేరుతో కూడా వసూలు చేయకూడదని స్పష్టంగా ఉంది. హోటల్ యజమానుల సంఘాలు దాన్ని సవాలు చేస్తే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించి, ఆ సంఘాలకు ఖర్చుల కింద చెరొక లక్ష రూపాయలు కట్టమని చెప్పింది. అయినా ఇక్కడ బిల్లు ముద్రించే యంత్రం మాత్రం మారలేదు. తీసేయమని అడిగితే, "మా స్టాఫ్‌కే వెళుతుంది సార్" అంటారు. మీ సిబ్బందికి జీతం మీరు ఇవ్వండి. వెయిటర్ కుర్రాడు ఓపికగా, మర్యాదగా ఉన్నాడు, పుల్లబడిన బీరు తప్పు అతనిది కాదు. అతనికి ఇవ్వవలసింది నేను అతని చేతిలోనే పెట్టాను. మేనేజరు నిల్చుని నా ముఖం చూస్తుంటే, పక్క బల్లలవాళ్లు తిరిగి చూస్తుంటే, ఈయన ఇంత చిన్న మొత్తానికి పేచీ పెడుతున్నాడని అనిపించేలా చేయడమే వాళ్ల ఆయుధం. చాలామంది ఆ చూపుకే లొంగి కట్టేసి వస్తారని వాళ్లకు బాగా తెలుసు.

నేను కట్టలేదు. చాలాసేపు కూర్చోబెట్టినా, సర్వీస్ ఛార్జ్ తీసేసి కొత్త బిల్లు ఇచ్చిన తర్వాతే లేచాను. పాత బిల్లు ఫొటో నా దగ్గర ఉంది. ఈ రోజు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటి బిల్లు ఇచ్చి ఉంటే మీరూ చేయండి. ఈసారి మైక్రోబ్రూవరీకి వెళ్లినప్పుడు గ్లాసు తెచ్చేలోపే ఈ బీరు ఏ రోజు కాచారని అడగండి, చెప్పలేకపోతే ఆర్డర్ వెనక్కి తీసుకుని లేచి రండి.