సవరణ: 1971 ఒప్పందంపై సంతకం డి.పి. ధర్‌ది కాదు

మొన్నటి పోస్టులో భారత్-సోవియట్ మైత్రి ఒప్పందంపై దౌత్యవేత్త డి.పి. ధర్ సంతకం చేశారని రాశాను. అది తప్పు, క్షమించండి. 1971 ఆగస్టు 9న ఢిల్లీలో సంతకాలు పెట్టింది మన విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్, సోవియట్ మంత్రి గ్రొమికో.

అలాగని ధర్ పాత్ర చిన్నదేం కాదు. మాస్కోలో రాయబారిగా ఉంటూ ఆ చర్చల్ని ముందుకు నడిపినవారిలో ఆయన ముఖ్యులు. దాడి జరిగినా, ముప్పు ఉన్నా రెండు దేశాలూ వెంటనే సంప్రదించుకోవాలన్న తొమ్మిదో అధికరణం, బంగ్లాదేశ్ యుద్ధం ముంచుకొస్తున్న ఆ రోజుల్లో మనకు ఎంత ధైర్యమిచ్చిందో! 1972లో పాకిస్తాన్‌తో జరిగిన సిమ్లా చర్చల్లోనూ మన అధికారుల బృందాన్ని నడిపింది ధరే. మధ్యలో ఆయన ఆరోగ్యం దెబ్బతింటే ప్రధాని సలహాదారు పి.ఎన్. హక్సర్ ఆ బాధ్యత తీసుకున్నారు. అక్కడి సంతకాలు మన ప్రధాని ఇందిరా గాంధీ, పాకిస్తాన్ అధ్యక్షుడు భుట్టోలవి.