నోటీసు లేకుండా రాత్రిపూట తీసుకెళ్ళడం ‘ఎంక్వైరీ’ ఎలా అవుతుంది?

నిన్న రాత్రి విజయవాడలో ఒక ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి ఇంట్లోంచి తీసుకెళ్ళారు. వచ్చింది ఇద్దరు, మఫ్టీలో. పేరు చెప్పలేదు, కాగితం చూపించలేదు, కేసు నంబరు లేదు. "సీఐ గారు మాట్లాడతారంట, ఒకసారి వచ్చి వెళ్ళు" అన్నారు, ఫోన్ లాక్కున్నారు. పొద్దున్నే వాళ్ళమ్మ స్టేషన్‌కి పోతే "మీవాడు ఇక్కడ లేడమ్మా" అని పంపేశారు. ఈ సంగతి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే మొదట వచ్చిన సమాధానం: "ఎంక్వైరీకేగా, తప్పు చెయ్యకపోతే వదిలేస్తార్లే."

ఒళ్ళు మండిపోతోంది ఆ మాట చూసి. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు అంటున్న మాట అది!

కేసు దర్యాప్తులో మనిషిని స్టేషన్‌కి రప్పించాలంటే బీఎన్ఎస్ఎస్‌లో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ఉన్న దారులు ఇవీ. సాక్షిగా కావాలంటే సెక్షన్ 179 కింద రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్ళని, 15 ఏళ్ళలోపు, 60 దాటిన మగవాళ్ళని అసలు స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికొచ్చే అడగాలి. నిందితుడైతే, అరెస్టు అవసరం లేనప్పుడు సెక్షన్ 35(3) నోటీసు ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీ 41ఏ అంటే అందరికీ తెలుస్తుంది. అదీ కాదంటే అరెస్టు. అరెస్టు చేసేవాడి పేరు స్పష్టంగా కనపడాలి, మెమో రాయాలి, కుటుంబంలో ఒకరో ఆ ప్రాంతంలో పరువున్న మనిషో సాక్షి సంతకం పెట్టాలి, కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఏడేళ్ళ దాకా శిక్ష పడే కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమో రాసి మరీ చెయ్యాలని 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. "ఒకసారి వచ్చి వెళ్ళు" అనేది ఇందులో ఎక్కడుంది?

అసలు మోసమంతా ఇక్కడే. అరెస్టు ఎలా చెయ్యాలో సుప్రీంకోర్టు చెప్పిన 1996 డి.కె. బసు తీర్పు దగ్గర్నుంచి వచ్చిన రక్షణలన్నీ అరెస్టు అనే కాగితానికి ముడిపడి ఉన్నాయి. కాబట్టి ఆ కాగితమే రాయరు. రాత్రి పదకొండుకి తీసుకెళ్ళినవాణ్ణి రెండు రోజులు కూర్చోబెట్టి, కొట్టాల్సింది కొట్టి, అప్పుడు మెమో రాస్తారు: "ఈరోజు సాయంత్రం 5 గంటలకు బస్టాండ్ వద్ద అనుమానాస్పదంగా తిరుగుతూ మమ్మల్ని చూసి పారిపోబోగా పట్టుకున్నాము." 24 గంటల లెక్క ఆ 5 నుంచి మొదలు! దెబ్బలన్నీ పడింది కాగితం మీద లేని ఆ గంటల్లో.

దెబ్బలు ఎక్కడ పడతాయో కూడా చెప్పుకోవాలి. అరికాళ్ళ మీద. అక్కడ చర్మం మందం, చిట్లదు, రక్తం కారదు, చెప్పులేసుకుంటే కనపడదు. కొట్టాక వాపు దిగడానికి నడిపిస్తారు, గెంతిస్తారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పక్కనే కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు. డాక్టరు చెప్పులు విప్పమని అడగకపోతే "గాయాలు లేవు" అని రాసేసినట్టే.

2025 మేలో బయటికొచ్చిన తెనాలి వీడియో అప్పుడే మర్చిపోయారా? నడిరోడ్డు మీద, జనం చూస్తుండగా, కుర్రాళ్ళ అరికాళ్ళ మీద లాఠీ దెబ్బలు. కానిస్టేబుల్ మీద దాడి చేశారన్నది వాళ్ళ మీద ఆరోపణ. సరే, కేసు పెట్టండి, శిక్ష కోర్టు వేస్తుంది. ఆ వీడియో కింద "రౌడీషీటర్లకి అలాగే కావాలి" అని రాసినవాళ్ళని నేను ఇప్పటికీ క్షమించలేను. రౌడీషీట్ అంటే ఏమనుకుంటున్నారు? అది కోర్టు వేసిన శిక్ష కాదు. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం పోలీసులే తెరిచి, పోలీసులే కొనసాగించే ఫైలు. కేసు కొట్టేసినా ఫైలు మూయరు. కౌన్సెలింగ్ పేరుతో ఆదివారం పూట స్టేషన్ ముందు వరసగా కూర్చోబెడతారు. పెళ్ళయి పిల్లలు పుట్టి ఆటో తోలుకుంటున్నవాడు కూడా పిలిచినప్పుడల్లా పోవాలి.

పేదవాడి సంగతి వదిలెయ్యండి. 2021లో ఎంపీగా ఉన్న రఘురామకృష్ణరాజు గుంటూరులో సీఐడీ కస్టడీలో తనను కొట్టారని చెబితే, సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రిలో పరీక్ష చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అక్కడి రిపోర్టులో కాలివేలు ఫ్రాక్చర్ ఉందని తేలింది. ఆయన ఢిల్లీ దాకా వెళ్ళగలిగారు. విజయవాడ చిట్టినగర్‌లో మూటలు మోసే ముఠా కూలీ ఎక్కడికి వెళ్ళగలడు?

అందుకే ఎవరింట్లో ఇది జరిగినా ఏడుస్తూ కూర్చోకండి, స్టేషన్ చుట్టూ బతిమాలుతూ తిరగకండి. వెంటనే 112కి ఫోన్ చేసి ఎవరిని, ఎన్నింటికి, ఏ బండిలో తీసుకెళ్ళారో చెప్పండి. ఆ కాల్ టైముతో సహా రికార్డవుతుంది, రేపు మెమోలో "సాయంత్రం 5" అని రాస్తే దాన్ని కొట్టేది ఇదే. అదే విషయం విజయవాడైతే కమిషనర్‌కి, గుంటూరైతే ఎస్పీకి మెయిల్ చెయ్యండి. మీ బిల్డింగ్ కెమెరా ఫుటేజీ ఆ రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ పెట్టె) నిండాక పాతది చెరిగిపోతుంది. లాయర్‌తో బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 100 కింద మేజిస్ట్రేట్ దగ్గర సెర్చ్ వారెంట్ పిటిషన్ వేయించండి. పాత సీఆర్‌పీసీ 97 అదే. కోర్టు నియమించే లాయర్, అంటే అడ్వకేట్ కమిషనర్, నేరుగా స్టేషన్‌లోకి వెళ్ళి చూస్తే "ఇక్కడ లేడు" అనే అబద్ధం నిలబడదు. అక్కడా కాకపోతే నేలపాడులో హైకోర్టు ఉంది, హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) వెయ్యండి.

రిమాండ్‌కి తెచ్చినప్పుడు మేజిస్ట్రేట్ "కొట్టారా?" అని అడిగితే చాలామంది భయపడి లేదంటారు. లాయర్ ముందే లేచి, అరికాళ్ళు చూడమని, వైద్య పరీక్ష రిపోర్టు కాపీ ఇప్పించమని అడగాలి. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 53 ప్రకారం ఆ కాపీ అరెస్టయినవాడికో, అతను చెప్పిన మనిషికో ఇచ్చి తీరాలి. అదే రోజు స్టేషన్ సీసీ కెమెరాల ఫుటేజీ భద్రపరచమని తేదీ, గంటలు రాసి ఇంకో పిటిషన్ పడాలి. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు ప్రకారం లాకప్‌లో, వరండాలో, ఇన్‌స్పెక్టర్ గదిలో కూడా మాటలు వినపడేలా కెమెరాలుండాలి, ఫుటేజీ కనీసం ఏడాది దాచాలి. "కెమెరా పనిచెయ్యట్లేదు" అంటే, ఎప్పట్నుంచి, ఎవరికి రిపోర్టు చేశారో ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ అధికారి) రాతపూర్వకంగా చెప్పాలని అడగండి. నేరం ఒప్పించడానికి కొట్టడం బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 120 కింద ఏడేళ్ళ దాకా జైలు పడే నేరం, ఎముక విరిగితే పదేళ్ళ దాకా. ఆ సెక్షన్ పేరు పెట్టి ఫిర్యాదు రాయండి.