ఫోన్ ముట్టబోమని కెమెరా ముందు ప్రమాణం

పిల్లల్ని ఇంటర్నెట్ బారి నుంచి కాపాడే భారాన్ని హన్మకొండలో ఒక ప్రైవేటు బడి నెత్తికెత్తుకుంది. పేరు చెప్పను, మీ పిల్లలు చదివేదీ అట్లాంటి దాంట్లోనే. సదస్సుకు తప్పక రావాలని వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టారు. హోంవర్కు, ఫీజు బాకీ, ప్రాజెక్టుకు చూడాల్సిన యూట్యూబ్ లింకు అన్నీ వచ్చేది ఆ గ్రూపులోనే. పిల్లలకు ఫోన్ ఇవ్వొద్దన్న హితవు కూడా.

ముఖ్య అతిథి గారు గంటన్నర ఆలస్యంగా దయచేశారు. అందాక ఆరో తరగతి పిల్లలు పూలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. తర్వాత జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. "మా కాలంల ఫోన్లెక్కడియి? వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఆడేటోళ్లం" అని అతిథి గారు అందుకునేలోపే ఆయన జేబులో ఫోన్ మోగింది. మైకు పక్కకు పెట్టకుండానే మాట్లాడారు. హంటర్ రోడ్డులో గజం ఎంత పలుకుతుందో బడంతా తెలుసుకుంది. ఆ పూట పిల్లలకు నికరంగా అందిన జ్ఞానం అదే.

ఇక ప్రమాణం. "నేను ఫోన్ ముట్టను" అని అందరూ చెయ్యి చాచి చెప్పాలి, రెండు ఫోన్లు, ఒక డ్రోన్ కలిసి దాన్ని చిత్రీకరించాలి. మొదటిసారి ఎవరో పిల్ల తల తిప్పిందని మళ్లీ చెప్పించారు. రెండోసారి పీటీ సారుకు మొహాలు నచ్చలేదు. "నవ్వాలె! గా ఏడుపు మొఖాలేంది?" మూడోసారికి కుదిరింది. సాయంత్రానికి రీల్ బయటికొచ్చింది. మెడలో ఐడీ కార్డుల మీద పేరు, తరగతి, బస్సు రూటు, తండ్రి నంబరు, కొంచెం పెద్దది చేసి చూస్తే అన్నీ చక్కగా చదవొచ్చు. "మీ డాడీ దోస్తును బిడ్డా" అని మాట కలిపేవాడికి ఇంకేం కావాలి? కింద ఒక ప్రకటన: ఎక్కువ లైకులొచ్చిన సెక్షన్‌కు బహుమతి.

18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి రూఢి చేసుకోవాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం అంటుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, పూర్తి అమలుకు గడువిచ్చారు. ఆ గడువును బడి సద్వినియోగం చేసుకుంటోంది.

చివర్లో ఖాజీపేట నుంచి వచ్చిన ఒక ఆటో డ్రైవరు లేచాడు. "సార్, ఎవడన్న పోరగాడు ఆడపిల్ల ఫోటో మార్చి బెదిరిస్తే ఎక్కడికి వోవాలె?"

ప్రిన్సిపాల్ మైకు లాక్కున్నాడు. "అసలు ఆడపిల్లలకు ఫోన్ ఎందుకిస్తున్నరండీ?"

చప్పట్లు.

చప్పట్లు కొట్టినోళ్లారా, ఆ మాట మీ పిల్లలూ విన్నారు. రేపు నిజంగానే ఎవడో ఒకడు బెదిరిస్తే ఏ పిల్ల నోరు విప్పుతుంది? విప్పితే ముందు తన్నులు, తర్వాత ఫోన్ గుంజుకునుడు, ఆ తర్వాత బడి బందు. ఆ దొంగముండాకొడుకు దగ్గరున్న ఆయుధమంతా "మీ ఇంట్ల చెప్తా" అన్న ఒక్క బెదిరింపే. దానికి సాన పట్టి వాడి చేతికిచ్చింది మీరే. సిగ్గుండాలె!

ఆ తండ్రికి జవాబు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఛాట్ చెరపకండి, డబ్బు పంపకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో ఫోన్ చేయండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ దాచితే పోక్సో చట్టం కింద ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడు చేసింది కప్పిపెట్టిన సంస్థ పెద్దకైతే ఏడాది దాకా. బడి పరువు గురించి అంత దిగులున్న ప్రిన్సిపాల్‌కు ఇది తెలియదని ఎట్లా అనుకోను?

మర్నాడు గ్రూపులో ఫోటోలు పెట్టారు. లేచి నిలబడి అడుగుతున్న ఆటో డ్రైవరు, పక్కనే ఐడీ కార్డుతో ఆయన బిడ్డ. కింద "సందేహ నివృత్తి చేసుకుంటున్న తల్లిదండ్రులు" అని రాశారు. ఆ ఫోటో తీసేయమని అడగబోతే గ్రూపులో మెసేజ్ పోదు. అడ్మిన్లు మాత్రమే పెట్టొచ్చట.