ఆకాశం ఖాళీగా ఉంటే మీకేంటండీ బాధ?

ఇప్పుడే జరిగింది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. అచ్చుతప్పులుంటే సర్దుకుని చదవండి.

మా యూకే తెలుగు ఫోటో గ్రూపులో పొద్దున ఒక ఫోటో పెట్టాను. స్కాట్లాండ్‌లో గ్లాస్గో నుంచి ఏ82 రోడ్డు పట్టుకుని గ్లెన్‌కో వైపు వెళ్తుంటే, రానక్ మూర్ అనే బురదమైదానం మీద రోడ్డు పక్కనే ఒక చిన్న సరస్సు వస్తుంది, లోఖన్ నా హాఖ్లిష్ అని. నీళ్ళలో బండరాళ్ళు, వెనకాల బ్లాక్ మౌంట్ కొండలు. నవంబరు ఉదయం. కొండల తలలు మబ్బులో ఉన్నాయి. గడ్డి తుప్పు రంగు, నీళ్ళు సీసం రంగు. ఫిల్టరు మీద చినుకు పడటం, నేను తుడవడం, మళ్ళీ పడటం. గుడ్డ తడిసిపోయాక మఫ్లరుతో తుడిచాను, అదీ తడిసింది. చివరికి గాలి కాసేపు ఆగితే రాళ్ళ నీడలు నీళ్ళలో కదలకుండా నిలబడ్డాయి. అప్పుడు తీసిన ఫోటో అది.

కాసేపటికి మా సీనియర్ సారు దగ్గర నుంచి మెసేజ్. పేరెందుకు లెండి, గ్రూపులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. "బావుంది తమ్ముడూ. కానీ బాగా డల్‌గా ఉంది. ఆకాశం ఖాళీ. చిన్న కరెక్షన్ చేశాను, ఏమీ అనుకోకు." కింద నా ఫోటో. అంటే, ఒకప్పుడు నాదైన ఫోటో.

ఆకాశమంతా నారింజ, గులాబీ, మధ్యలో కాస్త ఊదా. కుడివైపు గుమ్మడికాయంత సూర్యుడు. సూర్యుడికి అడ్డంగా పక్షుల గుంపు. నవంబరులో, ఆ చలిలో, ఆ బురద మీద ఏం పక్షులండీ అవి? ఫోను యాప్‌లో ఉచితంగా వచ్చే పక్షులు. పైన ఆకాశం భగభగా మండిపోతోంది, కింద నీళ్ళలో మాత్రం నేను తీసిన బూడిదరంగు మబ్బే ఉంది! నీడ మార్చడం మర్చిపోయారు సారు. మార్చడం తెలియదేమో కూడా. ఇంకోటి చూడండి, తడి రాళ్ళు ఎడమవైపు మెరుస్తున్నాయి, సూర్యుడేమో కుడివైపు ఉదయించాడు. రానక్ మూర్‌కి ఆ రోజు ఇద్దరు సూర్యులన్నమాట.

దాని కింద గుండెల వర్షం. "ఇప్పుడు ప్రాణం వచ్చింది సార్", "వావ్ గురువుగారూ, మ్యాజిక్", "ఒరిజినల్ కంటే ఇదే సూపర్". నా ఫోటోకి వచ్చిందేమిటయ్యా అంటే ఒక బొటనవేలు. అదీ గ్రూపులో ప్రతిదానికీ, చావు కబురుకి కూడా, బొటనవేలు పెట్టే పెద్దమనిషి పెట్టింది.

డల్ అట. స్కాట్లాండ్ పడమటి కొండల్లో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల పైన వాన పడే చోట్లున్నాయి. అక్కడికి వెళ్ళి ఫోటో తీస్తే మబ్బు రాక మల్లెపూలు వస్తాయా? డిసెంబరులో మిట్ట మధ్యాహ్నం కూడా ఆ రానక్ మూర్ మీద సూర్యుడు పన్నెండు డిగ్రీలు దాటి పైకి ఎక్కడు. వెలుతురు ఎప్పుడూ పక్క నుంచే వస్తుంది, నేల మీద పాకుతూ వస్తుంది, ప్రతి గడ్డిదుబ్బునీ విడిగా చూపించి పోతుంది. దానికోసమే కదా మనుషులు గడ్డకట్టే చలిలో ట్రైపాడ్ పట్టుకుని నిలబడేది! ఆ ఒక్క బూడిదరంగులో ఎన్ని రకాలున్నాయో కళ్ళు పెట్టి చూస్తే కదా తెలిసేది. దూరపు కొండది ఒకటి, దగ్గర కొండది ఒకటి, నీళ్ళది ఇంకొకటి. ఫోనులో వేలితో తోసేస్తూ అర సెకను చూసే వాళ్ళకి నారింజ ఒక్కటే ఆనుతుంది.

తమాషా ఏమిటంటే, ఈ గ్రూపులో వాళ్ళే ఇండియా వెళ్ళినప్పుడు పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కుతారు. ఎందుకు? మబ్బు చూడటానికి! చీకట్లో లేచి, టార్చిలైటు పట్టుకుని, పిల్లల్ని కూడా ఈడ్చుకుంటూ ఎక్కి, "మేఘాల సముద్రం" అని నలభై ఫోటోలు పెడతారు. అక్కడ మబ్బు ముద్దు. నా ఫోటోలో మబ్బు కరెక్షన్.

2020లో ఫోటోషాప్‌లోకే ఆకాశం మార్చే మీట వచ్చిపడింది. అప్పటినుంచీ మనవాళ్ళ చేతికి పగ్గాల్లేవు. సారు ల్యాప్‌టాప్‌లో "ఆకాశాలు" అని ఒక ఫోల్డరే ఉందట, ఆయనే గర్వంగా చెప్పారు ఒకసారి. పెళ్ళిళ్ళకి పట్టుచీరలు దాచుకున్నట్టు ఆకాశాలు దాచుకుంటారు. ఏ కొండకి ఏది కావాలంటే అది కట్టబెట్టడమే. మొన్న ఇంకొకాయన పెట్టిన టోరిడన్ ఫోటోకీ, అంతకుముందు ఎవరిదో నీస్ట్ పాయింట్ దీపస్తంభానికీ ఇదే ఆకాశం. ఇవే పక్షులు. చూసుకోండి కావాలంటే.

ఆ రానక్ మూర్ ఏమిటో తెలిస్తే అసలు చెయ్యి వేసేవారు కాదు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల బురద, పీట్ (కుళ్ళీ కుళ్ళని మొక్కల నల్లమట్టి), నీటిగుంటలు. రైలు పట్టాలు వేద్దామని వస్తే గట్టి నేల దొరకలేదు. కొమ్మలూ రెమ్మలూ మోపులు కట్టి, మట్టి, బూడిద పోసి, దాని మీద తేలేలా దారి వేశారు. 1894లో రైలు నడిచింది, ఇప్పటికీ అలాగే నడుస్తోంది. దాని మీద నుంచి వెళ్తుంటే కిటికీలోంచి గంటసేపు ఏమీ కనిపించదు అని ఒకాయన గ్రూపులో రాశాడు. ఏమీ కనిపించకపోవడం ఏమిటి స్వామీ, అంత ఖాళీని ఇంకెక్కడ చూస్తావు? హైదరాబాద్‌లోనా, లండన్‌లోనా?

మరి వీళ్ళకి ఏం కనిపించాలి? తెల్ల ఇల్లు. బొఖల్ ఎటివ్ మోర్ కొండ కింద ఒంటరిగా ఉంటుందే, లగన్‌గార్వ్, అది. నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ వారి ఇల్లు, పర్వతారోహకుల క్లబ్బు వాడుకుంటుంది. అందమైనదే, కాదనను. కానీ రోడ్డు పక్కన కారు ఆపడం, అందరూ తొక్కి తొక్కి బురదైన ఆ ఒక్క చోటే నిలబడటం, అదే ఇల్లు, అదే కొండ, అదే కోణం, ఇంటికొచ్చి "నా దృష్టిలో గ్లెన్‌కో" అని పెట్టుకోవడం. నీ దృష్టి ఎక్కడుంది అందులో? నీ ముందువాడి బూటు గుర్తులో ఉంది. ఆ ఇల్లు తీయకుండా వచ్చానంటే నన్ను జాలిగా చూస్తారు.

అసలు నాకు కడుపు మండేది ఈ ఫోటో గురించి కూడా కాదు. పోయిన వేసవిలో సదర్లాండ్‌లో స్ట్రాత్‌నేవర్ వెళ్ళాను. అక్కడ రోసాల్ అని ఒక ఊరు. ఊరంటే, ఉండేది. ఇప్పుడు మోకాలెత్తు రాళ్ళ వరసలు, పైన గడ్డి. మిడ్జ్‌లు అనే కుట్టే చిన్న పురుగులు ముఖమంతా పీకి పాకం పెడుతున్నా (గాలి ఆగిందంటే దిగుతాయి అవి, ఫోటోకి గాలి ఆగాలి, అదీ నా ఖర్మ) ఒక ఇంటి గుమ్మం ఉండాల్సిన ఖాళీ లోంచి లోయని తీశాను. గ్రూపులో పెడితే ఇదే సారు ఏమన్నారు? "సబ్జెక్ట్ ఏది? హ్యూమన్ ఎలిమెంట్ మిస్సయింది. ఎవరినైనా ఎర్ర జాకెట్ వేసి నిలబెట్టాల్సింది."

హ్యూమన్ ఎలిమెంట్ మిస్సయిందట! నిజమే సారూ, మిస్సయింది. 1814 నుంచి 1818 లోపు మిస్సయింది. గొర్రెల మేపు లాభమని దొరల మనుషులు ఆ లోయలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించారు, కప్పులు తగలబెట్టారు. పాట్రిక్ సెల్లర్ అనే ఎస్టేటు ఏజెంటు మీద 1816లో ఇన్వర్నెస్‌లో కేసు నడిచింది, నిర్దోషి అని వదిలేశారు. ఆ గొర్రెల మేపు కౌలుకి తీసుకున్నవాడూ అతనే. ఆ లోయ ఖాళీగా ఉన్నది ప్రకృతి ప్రశాంతత కోసం కాదు. అక్కడ ఎర్ర జాకెట్ నిలబెట్టాలా? ఈ సంగతంతా ఫోటో కిందే తెలుగులో రాశాను. ఎవరూ చదవలేదు. "లెన్స్ ఏది బ్రో?" అని ఒకడు.

అన్నట్టు ఈ ఖాళీ భయం గ్రూపు వాళ్ళ దగ్గరే ఆగదు. మా ఊరి తెలుగు సంఘం ఒకటుంది, పేరు వద్దు. పోయిన ఉగాదికి నా స్కై ద్వీపం ఫోటో, క్విరాంగ్‌ది, అడగకుండా దింపుకుని ఆహ్వానపత్రం చేశారు. ఎంత చక్కటి ఆకాశం అది! పొద్దుటి మొదటి వెలుగు కొండ అంచుకి మాత్రమే తగిలి, పైనంతా పలచటి నీలం. అందులో గుండ్రంగా కత్తిరించిన తలకాయలు. అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహకార్యదర్శి, కోశాధికారి, సాంస్కృతిక కన్వీనర్, ఆయన బావమరిది. నమస్కారం పెడుతున్నవాళ్ళు కొందరు, నల్ల కళ్ళద్దాలతో కొందరు. కొండ మీద పులిహోర స్పాన్సర్ చేసిన రెస్టారెంటు గుర్తు. నా పేరు ఎక్కడుందా అని భూతద్దం పెట్టి వెతికాను. లేదు. మైకు సెట్టు ఇచ్చినతని పేరు ఉంది.

ఆ క్విరాంగ్ ఉన్న ట్రాటర్నిష్ ద్వీపకల్పంలో నేల ఇప్పటికీ జారుతూనే ఉంటుంది, ఫ్లొడిగారి దగ్గర రోడ్డుకి ఏటా మరమ్మతు చేయాల్సిందే. కొండలు జారుతున్నాయి గానీ మా కమిటీ మాత్రం కుర్చీల్లోంచి అంగుళం జారదు.

అడిగాను. వదల్లేదు. కార్యదర్శిగారికి ఫోన్ చేసి, "ఏమండీ, కనీసం పేరైనా వెయ్యొచ్చు కదా" అన్నాను. "అయ్యో, మనలో మనకి పేర్లేంటి అన్నా, మీ ఫోటో వందల మందికి చేరింది, సంతోషపడాలి" అన్నాడు. మనలో మనకి పేర్లు లేనప్పుడు ఆకాశంలో ఆ తలకాయల కింద అంతంత అక్షరాలతో ఉన్నవేంటి మరి?

ఇవాళ సారు గొడవలో నేను ఉడికిపోతుంటే మళ్ళీ అదే కార్యదర్శి మెసేజ్. దసరాకి ఫోటో కావాలట. "హై రిజల్యూషన్‌లో పంపన్నా, వాటర్‌మార్క్ లేకుండా. పైన కొంచెం ఖాళీ ఉండేలా చూడు, కమిటీ పెరిగింది."

పంపుతున్నాను. ఏరి పెట్టాను కూడా. రానక్ మూర్‌లోదే, వంగి నేలకి మూరెడు ఎత్తు నుంచి తీసింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా నల్లటి పీట్ బురద, మధ్యలో కుళ్ళకుండా ఉండిపోయిన పాత పైన్ చెట్టు మోడు, పక్కన కషాయం రంగు నీళ్ళు. ఆకాశం రవ్వంత కూడా లేదు. అధ్యక్షులవారిని మోడు మీద కూర్చోబెట్టుకుంటారో బురదలో దింపుకుంటారో, వాళ్ళిష్టం.