‘జపాన్ హీట్ పంపే కొనండి’ అన్న ఫార్వర్డ్ చూసి ఆర్డర్ ఇవ్వకండి

చలికాలం వచ్చిందంటే న్యూజెర్సీ, మసాచుసెట్స్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఇల్లు వేడిచేసే పాత ఫర్నేసులు మొరాయించే రోజులు కాబట్టి అందరూ చదువుతారు, ఇంకో పదిమందికి పంపుతారు. దాని సారాంశం ఇది: ‘హీట్ పంప్ పెట్టించాలంటే జపాన్ బ్రాండ్ తప్ప ఇంకేదీ చూడొద్దు, మిగతావి చలికి చేతులెత్తేస్తాయి. అమెరికన్ పేర్లతో వచ్చేవన్నీ లోపల చైనా సరుకే. టన్ను ఒకటి ఎక్కువే వేయించుకోండి. బ్రాండ్ మంచిదైతే ఎవరు బిగించినా ఒకటే, తక్కువ కొటేషన్ ఇచ్చినవాడికే పని ఇవ్వండి. పన్నెండేళ్ల వారంటీ ఉంది, బెంగ అక్కర్లేదు. బిల్లు సగానికి పడిపోతుంది, పైగా రెండు వేల డాలర్ల పన్ను రాయితీ.’

ప్రతి మాటలోనూ గోరంత నిజం ఉంది. అందుకే ఇన్ని గ్రూపుల్లో చెల్లుబాటవుతోంది. కానీ ఇల్లంతటికీ పెట్టిస్తే వేల డాలర్ల ఖర్చు, పదిహేనేళ్లు గోడకి అంటిపెట్టుకుని ఉండే యంత్రం. ఇలాంటి విషయంలో గోరంత నిజం సరిపోదు.

‘జపాన్ బ్రాండ్ తప్ప మిగతావి చలికి పనిచేయవు.’

హైదరాబాద్‌లో, విజయవాడలో మన ఇళ్ల గోడలకున్న స్ప్లిట్ ఏసీ, ఈ హీట్ పంప్ ఒకే జాతి. ఏసీ గదిలో వేడిని తీసి బయట పారబోస్తుంది. హీట్ పంప్‌లో అదనంగా ఒక రివర్సింగ్ వాల్వ్ ఉంటుంది. గొట్టాల్లో తిరిగే గ్యాస్ (రిఫ్రిజెరెంట్) ప్రవాహాన్ని అది తిప్పేస్తే బయటి వేడి ఇంట్లోకి వస్తుంది. బయట గడ్డకట్టే చలి ఉన్నా గాలిలో ఎంతో కొంత వేడి ఉంటుంది, కాకపోతే చలి పెరిగేకొద్దీ దాన్ని లాగడం కష్టమవుతుంది. మామూలు యంత్రం అక్కడే డీలా పడుతుంది. చలి ప్రాంతాల కోసం చేసినవి కంప్రెసర్ వేగం పెంచుకుని, గ్యాస్‌ని మధ్యలో ఇంజెక్ట్ చేసుకుని నెట్టుకొస్తాయి.

మిత్సుబిషి ఎలక్ట్రిక్ ‘హైపర్ హీట్’ మోడళ్లు 5 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కూడా పూర్తి సామర్థ్యం ఇస్తాయని, మైనస్ 13 దాకా నడుస్తాయని కంపెనీ చెబుతుంది. అది నిజమే. ఫార్వర్డ్ రాసిన వారికి ఆ నమ్మకం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. అయితే అదే మిత్సుబిషి, అదే లోగోతో, హైపర్ హీట్ కాని చవక మోడళ్లు కూడా అమ్ముతుంది. డైకిన్‌లో చలి కోసం చేసిన సిరీస్ ‘అరోరా’, ఆ పేరు లేనివి వేరే. బ్రాండ్ పేరు చూసి కొటేషన్ మీద సంతకం పెట్టినవారికి ఏది వస్తుందో మోడల్ నంబర్ చూస్తే గానీ తెలియదు. నేను చూసిన కొటేషన్లలో చాలావాటిలో ‘3 టన్నులు, ఫలానా బ్రాండ్, 2 జోన్లు’ అని మాత్రమే ఉంటుంది. అలాంటి కాగితం మీద సంతకం పెట్టకండి.

ఇక ‘మిగతావి’ సంగతి. అమెరికా ఇంధన శాఖ 2021లో చలి ప్రాంతాల హీట్ పంపుల కోసం ఒక ఛాలెంజ్ పెట్టింది. 5 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పూర్తి వేడి ఇవ్వాలి, అదీ ఖర్చయిన కరెంటుకి రెండింతలకు పైగా. బాష్, క్యారియర్, డైకిన్, జాన్సన్ కంట్రోల్స్, లెనాక్స్, మిడియా, రీమ్, ట్రేన్ అందులో పాల్గొన్నాయి. ముందుగా ఆ లెక్క అందుకున్నది లెనాక్స్, అంటే టెక్సాస్ కంపెనీ. చలిని తట్టుకోవడం కంపెనీ పేరులో లేదు, మోడల్‌లో ఉంది.

దాన్ని తేల్చుకోవడానికి ఎవరి మాటా నమ్మనక్కర్లేదు. నీప్ అనే అమెరికా ఈశాన్య రాష్ట్రాల సంస్థ కోల్డ్ క్లైమేట్ (చలి ప్రాంతాల) హీట్ పంపుల జాబితాని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. మోడల్ నంబర్ కొడితే 47, 17, 5 డిగ్రీల దగ్గర ఆ యంత్రం కనీసం ఎంత, గరిష్ఠంగా గంటకి ఎన్ని బీటీయూలు (వేడిని కొలిచే యూనిట్) ఇస్తుందో, సీఓపీ ఎంతో వరసగా కనిపిస్తుంది. సీఓపీ 2 అంటే ఒక యూనిట్ కరెంటుకి రెండు యూనిట్ల వేడి. బోస్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు 5 డిగ్రీల వరసే చూడాలి. డల్లాస్, ఫ్రిస్కో వాళ్లకి అంత అవసరం లేదు. 2021 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 2 దాకా పడిపోయిన మాట వాస్తవమే, కానీ అలాంటి అరుదైన రోజులకు హీట్ స్ట్రిప్, అంటే తోడుగా పెట్టే కరెంటు హీటర్, సరిపోతుంది. దాని కోసం ఖరీదైన కోల్డ్ క్లైమేట్ యంత్రం మోయనక్కర్లేదు.

‘అమెరికన్ పేర్లన్నీ లోపల చైనా సరుకు.’

ఎవరు ఎవరి కంపెనీయో ఒకసారి చూడండి. గుడ్‌మన్, అమానా అని అమెరికన్ పేర్లతో అమ్ముడయ్యేవి 2012 నుంచి డైకిన్‌వి, అంటే జపాన్‌వి. రీమ్ యజమాని నగోయాలోని పలోమా. జపాన్ పేరనుకునే తోషిబా ఏసీ వ్యాపారం 2022లో అమెరికా క్యారియర్ చేతికి వెళ్లింది. జాన్సన్ కంట్రోల్స్-హిటాచీ ఇళ్ల ఏసీల వ్యాపారాన్ని, దాంతో పాటు ఇళ్ల యంత్రాల మీది యార్క్ పేరునీ, 2025లో జర్మనీ బాష్ కొనేసింది. అమెరికాలో మిత్సుబిషి డక్ట్‌లెస్ (గాలి గొట్టాలు అక్కర్లేని) యంత్రాలు అమ్మేది మిత్సుబిషి, ట్రేన్ కలిసి 2018లో పెట్టిన ఉమ్మడి కంపెనీ. జీఈ అప్లయెన్సెస్ 2016 నుంచి చైనా హయర్‌ది.

ఫ్యాక్టరీల లెక్కా అంతే. డైకిన్ హ్యూస్టన్ దగ్గర వాలర్‌లో తయారు చేస్తుంది, మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనూ తయారు చేస్తుంది. శ్రీసిటీలో మనవాళ్లు బిగించిన ఏసీ మీద ఉన్నదీ జపాన్ పేరే. ఇందులో ‘దేశం’ చూసి కొనడమంటే దేన్ని చూసి కొంటున్నట్టు?

చైనా కంపెనీల గురించి న్యాయంగా చెప్పాల్సింది ఒకటుంది. మిడియా, గ్రీ ప్రపంచంలోనే పెద్ద ఏసీ తయారీదారుల్లో ఉన్నాయి, వాటి మంచి మోడళ్ల అంకెలు నీప్ జాబితాలో జపాన్ మోడళ్ల పక్కన నిలబడతాయి. అక్కడ అడగాల్సింది వేరే ప్రశ్న: మీ కౌంటీలో దాని ఇన్వర్టర్ బోర్డు ఎవరి దగ్గర స్టాక్ ఉంటుంది? ఈ యంత్రాల్లో పోయేది ఎక్కువగా సర్క్యూట్ బోర్డులు, సెన్సార్లు. ఒక కంపెనీది ఇంకోదానికి పనికిరాదు. జనవరిలో బోర్డు పోయి, పార్టు రెండు వారాలకి గానీ రాదంటే అది ఏ దేశానిదైనా చంటిపిల్లలున్న ఇంట్లో నరకమే. నా మటుకు నాకు బ్రాండ్ల మధ్య తేడా నిజంగా కనబడేది ఇక్కడే.

‘టన్ను ఎక్కువైతే నష్టం లేదు.’

ఉంది. గంటకి 12,000 బీటీయూలు ఒక టన్ను. 500 చదరపు అడుగులకి ఒక టన్ను అని నోటిలెక్క కట్టేవాళ్లు 2,400 అడుగుల ఇంటికి అయిదు టన్నులు రాసేస్తారు. ఇన్సులేషన్ బాగున్న ఇంటికి అందులో సగం కూడా పట్టకపోవచ్చు. ఇన్వర్టర్ యంత్రం తక్కువ వేగంతో గంటల తరబడి నడిస్తేనే కరెంటు ఆదా, ఇల్లంతా ఒకేలా వెచ్చగా ఉండటం, జూలైలో తేమ పోవడం. అవసరానికి మించిన యంత్రం ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది.

మనవాళ్ల ఇళ్లలో మరీ ఎక్కువగా కనిపించేది నాలుగు బెడ్‌రూములకి నాలుగు ఇండోర్ యూనిట్లు పెట్టి బయట ఒకే పెద్ద యూనిట్ బిగించడం. రాత్రి ఒక గదికి రెండు వేల బీటీయూలు చాలు, బయటి యూనిట్ కనీస వేగమే అంతకు నాలుగైదు రెట్లు. అంచేత ఏ బ్రాండ్ అయినా అక్కడ తడబడుతుంది. ఇందాక చెప్పిన నీప్ పేజీలో ‘కనీసం’ అన్న గడి కూడా చూడాల్సింది ఇందుకే. కాంట్రాక్టర్‌ని మాన్యువల్ జె లెక్క అడగండి. కిటికీలు, అటక ఇన్సులేషన్, గాలి చొరబాటు, అన్నీ కలిపి ప్రతి గదికీ ఎంత వేడి కావాలో తేల్చే లెక్క అది. పాత ఫర్నేస్ మీద రాసున్న అంకె చూసి టన్నులు చెప్పేవాళ్లకి నమస్కారం పెట్టి పంపేయండి.

‘బ్రాండ్ మంచిదైతే ఎవరు బిగించినా ఒకటే.’

మొత్తం మెసేజ్‌లో ఎక్కువమందిని ముంచేది ఈ మాటే. ఫ్రిజ్ ఫ్యాక్టరీలోనే పూర్తయి వస్తుంది. స్ప్లిట్ హీట్ పంప్ అలా రాదు, సగం ఫ్యాక్టరీలో, సగం మీ గోడ మీద తయారవుతుంది. ఆ రెండో సగం చేసేది మీరు పిలిచిన మనిషి.

మా పక్క వీధిలో ఒక తెలుగు కుటుంబం అందరూ మెచ్చే బ్రాండే పెట్టించుకున్నారు. రెండో చలికాలానికి పైగది వేడెక్కడం మానేసింది. యూనిట్ తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం గోరువెచ్చగా కూడా రాదు. పిల్లలు దుప్పట్లు కప్పుకుని హోంవర్క్ చేసుకున్నారు. వేరే టెక్నీషియన్ వచ్చి గొట్టాల మీది ఇన్సులేషన్ విప్పి, రాగి గొట్టాన్ని యూనిట్‌కి కలిపే ఫ్లేర్ నట్ చుట్టూ సబ్బునీళ్లు పూశాడు. కాసేపు చూస్తే నట్ అంచున ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఏడాదిన్నరగా గ్యాస్ అక్కడి నుంచే పోతోంది. యంత్రంలో లోపమేమీ లేదు. రాగి గొట్టం అంచు వంకరగా విచ్చుకున్నా, దాన్ని అలాగే రెంచితో బిగించేసి వెళ్లిపోయారు.

సరిగ్గా చేసే పని ఎలా ఉంటుందో చెబుతాను, బిగించే రోజు పక్కన నిలబడి చూడండి. గొట్టం కోశాక అంచు గరుకు తీసి, ఫ్లేర్ టూల్‌తో విచ్చి, టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన బిగువుకి బిగిస్తారు. తర్వాత నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలబడుతుందో లేదో చూస్తారు. ఆపైన వాక్యూమ్ పంప్ పెట్టి, వాక్యూమ్‌ని కొలిచే మైక్రాన్ గేజ్ మీద 500 కిందికి దించి, వాల్వ్ మూసి, అంకె మళ్లీ పైకి పాకకుండా ఆగిందని నిర్ధారించుకుంటారు. గొట్టం కంపెనీ చెప్పిన పొడవు దాటితే ఆ అదనపు అడుగులకి గ్యాస్ తూకం వేసి ఎక్కిస్తారు. నైట్రోజన్ సిలిండర్ వ్యాన్ దిగలేదంటే, మైక్రాన్ గేజ్ కనబడలేదంటే అక్కడే ఆపి అడగండి. మొహమాటం వద్దు. మన డబ్బు, మన ఇల్లు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో ఇదే విషయాన్ని పరిశీలించింది. డక్టుల లీకులు, గ్యాస్ తక్కువ కావడం, సైజు మించడం లాంటి బిగింపు తప్పులతో ఇంటి హీటింగ్, కూలింగ్ కరెంటు 30 శాతం దాకా పెరగొచ్చని తేల్చింది. రెండు మంచి బ్రాండ్ల మధ్య ఉండే ఎఫిషియెన్సీ తేడా సాధారణంగా ఇంతుండదు. అందుకే నేను ఎవరడిగినా మొదట మనిషిని వెతకమంటాను. మూడు కొటేషన్లు తీసుకోండి, మాన్యువల్ జె చేసేవాణ్ణి, పిలిస్తే జనవరిలో వచ్చేవాణ్ణి పట్టుకోండి. అతను చేయి తిరిగిన బ్రాండ్లు రెండో మూడో ఉంటాయి. వాటిలో మీ ఊరి చలికి సరిపడే మోడల్ ఎంచుకోండి. ఫార్వర్డ్‌లో ఈ వరస తలకిందులుగా ఉంది.

‘పన్నెండేళ్ల వారంటీ ఉంది.’

పార్టులకి, అదీ షరతులతో. చాలా కంపెనీలు బిగించాక 60 లేదా 90 రోజుల్లో రిజిస్టర్ చేస్తేనే పూర్తి గడువు ఇస్తాయి. కొన్ని కంపెనీల పెద్ద గడువులు అవి గుర్తించిన కాంట్రాక్టర్ బిగిస్తేనే వస్తాయి. లేబర్ ఖర్చు, గ్యాస్ ఖర్చు సాధారణంగా అందులో ఉండవు. తక్కువ కొటేషన్ వెంటపడమని చెప్పిన మెసేజే ఈ వారంటీనీ చూపించడం పొసగదు.

‘బిల్లు సగమవుతుంది.’

ఇప్పుడు దేంతో వేడి చేసుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. గోడ అడుగున పెట్టే ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లున్న ఇంట్లో సగం కంటే కూడా తగ్గొచ్చు, ఎందుకంటే వాటి సీఓపీ ఒకటి, దీనిది సీజన్ మొత్తం మీద మూడు దరిదాపుల్లో.

గ్యాస్ ఫర్నేస్ ఉన్నవాళ్లు మాత్రం కాగితం, పెన్ను తీసుకోవాలి. ఒక థెర్మ్ గ్యాస్ అంటే లక్ష బీటీయూలు. 95 శాతం సామర్థ్యమున్న ఫర్నేస్‌లో అందులో 95,000 ఇంట్లోకి వస్తాయి. అంత వేడికి సీఓపీ 3 ఉన్న హీట్ పంప్‌కి 9.3 యూనిట్ల కరెంటు పడుతుంది. యూనిట్ 15 సెంట్లయితే 1 డాలరు 40 సెంట్లు. 30 సెంట్లయితే 2 డాలర్ల 79 సెంట్లు. మీ బిల్లులో థెర్మ్‌కి అన్ని ఛార్జీలూ కలిపి ఎంత పడుతోందో దీని పక్కన పెట్టి చూసుకోండి. కరెంటు ఖరీదైన మసాచుసెట్స్‌లో గ్యాస్ ఉన్న ఇంటికి బిల్లు పెరిగే అవకాశమే ఎక్కువ. ఆయిల్ మీద ఉన్న ఇంటికి లెక్క దాదాపు సరిసమానంగా వస్తుంది, ఆ ఏడాది ఆయిల్ ధరని బట్టి అటో ఇటో. గ్యాస్ వదిలేయడానికి వేరే మంచి కారణాలున్నాయి, వేసవిలో ఏసీ కూడా అందులోనే వస్తుంది. కానీ బిల్లు సగమవుతుందని చెప్పి ఒక కుటుంబం చేత ఫర్నేస్ పీకించడం తప్పు.

‘రెండు వేల డాలర్ల పన్ను రాయితీ.’

అది అయిపోయింది. 25సీ సెక్షన్ కింద 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు ఇచ్చే కేంద్ర రాయితీ 2025 జూలై 4న సంతకమైన చట్టంతో 2025 డిసెంబరు 31 దాకా బిగించినవాటికే పరిమితమైంది. ఆ తర్వాత పెట్టించుకుంటున్నవాళ్లు ఆ 2,000 లెక్కలో వేసుకోకూడదు. మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ లాంటి రాష్ట్ర పథకాలు వేరే ఉన్నాయి, వాటి మొత్తాలూ షరతులూ ఏడాదికేడాది మారుతుంటాయి. అవి బ్రాండ్ పేరు చూసి డబ్బివ్వవు. బయటి యూనిట్, లోపలి యూనిట్ జతగా ఆమోదించిన జాబితాలో ఉండాలంటాయి. ఆ జతకి ఏసీ, హీటింగ్ పరిశ్రమ సంస్థ ఏహెచ్‌ఆర్‌ఐ ఇచ్చే నంబర్ ఒకటుంటుంది. కొటేషన్‌లో మోడల్ నంబర్ల పక్కనే దాన్నీ రాయించుకుని, అడ్వాన్స్ చెక్కు ఇచ్చే ముందే జాబితాలో ఉందో లేదో వెతికి చూసుకోండి.