కార్వెట్ ఓనర్ల జాబితా కాదు, ఫ్రేమ్ మీద నంబర్ చూపించండి

జాన్ టైటర్ కథ మళ్ళీ షేర్ అవుతోంది. 2000 నవంబర్ నుంచి 2001 మార్చి దాకా "నేను 2036 నుంచి వచ్చాను" అని ఇంటర్నెట్‌లో రాసిన ఆసామి. 1975కి వెళ్ళి ఐబీఎం 5100 కంప్యూటర్ పట్టుకుని, తిరుగు దారిలో 2000లో దిగాడట. టైమ్ మెషీన్‌ని ముందు 1967 షెవర్లే కార్వెట్ కన్వర్టిబుల్‌లో బిగించారట, తర్వాత 1987 నాటి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులోకి మార్చారట. ఈసారి దానికి తోడు ఒక వాదన: "ఆ కార్వెట్ ఓనర్లను వరసపెట్టి వెతకండి. ఒకే చాసిస్ నంబర్‌తో ఒకే రోజున రెండు బండ్లు, అంటే అప్పటికే ఉన్న బండీ భవిష్యత్తు నుంచి వచ్చిన అదే బండీ, కనబడితే టైమ్ ట్రావెల్ రుజువైనట్టే."

అయ్యా, ఒకే నంబర్‌తో రెండు బండ్లు తిరగడానికి టైమ్ మెషీన్ దేనికి? ఒక దొంగ, నాలుగు రివెట్లు చాలు. పాత స్పోర్ట్స్ కార్ల లోకంలో ఇది రోజూ ఉండే తద్దినమే. ఫెరారీ 375 ప్లస్, చాసిస్ 0384ఏఎం సంగతే చూడండి. 1980ల చివర్లో అమెరికాలోని ఒహాయోలో చోరీ అయి బెల్జియంలో తేలింది. బండి బెల్జియంలో, ఒహాయో టైటిల్ కాగితమూ (బండి ఎవరిదో చెప్పే సర్కారు పత్రం) కొన్ని విడిభాగాలూ అమెరికాలో. 2014లో గుడ్‌వుడ్‌లో బాన్‌హామ్స్ వేలంలో కోటి పౌండ్ల పైచిలుకు పలికాక కూడా కోర్టు గొడవలు నడిచాయి. ఒక్క నంబర్‌కి ఇద్దరు హక్కుదారులు. ఇద్దరిలో ఎవరూ భవిష్యత్తు నుంచి రాలేదు.

సరే, వెతుకుదామనే అనుకుందాం. 1967 కార్వెట్ కన్వర్టిబుల్ నంబర్ 194677ఎస్ అని మొదలవుతుంది. మొదటి 1 షెవర్లే, 94 కార్వెట్, 67 కన్వర్టిబుల్ (గట్టి టాప్ ఉండే కూపేకైతే 37), ఆ తర్వాతి 7 మోడల్ సంవత్సరం, ఎస్ అంటే సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ. చివరి ఆరంకెలు 100001 నుంచి 122940 దాకా. కూపే, కన్వర్టిబుల్ రెండూ కలిసి ఒకే వరసలో నడుస్తాయి. మొత్తం 22,940 బండ్లలో కన్వర్టిబుల్స్ 14,436. టైటర్ పోస్టుల్లో ఆ ఆరంకెలు లేవు. అంటే మీరు వెతుకుతున్నది ఒక బండిని కాదు, పద్నాలుగు వేల బండ్లను.

పోనీ కాగితాలు? 17 అంకెల నంబర్ అమెరికాలో 1981 మోడల్ నుంచే తప్పనిసరైంది. బండి పాత చరిత్ర చెబుతూ, డబ్బు కట్టి తెప్పించుకునే కార్‌ఫ్యాక్స్ లాంటి రిపోర్టులు కూడా అక్కణ్ణుంచే మొదలు. 1967 నంబర్ అందులో కొడితే సున్నా. న్యూయార్క్ రాష్ట్రమైతే 1973కి ముందు మోడళ్ళకి టైటిలే ఇవ్వదు, రిజిస్ట్రేషన్ కాగితమే చేతులు మారుతుంది. బండి ఒక్కసారి అలాంటి రాష్ట్రం మీదుగా వెళ్ళిందా, గొలుసు అక్కడ తెగినట్టే. పాత ఓనర్ పేరు అడుగుదామంటే 1994 నాటి డ్రైవర్ల గోప్యతా చట్టం అడ్డం. అక్కడున్న మన తెలుగువాళ్ళు "రిజిస్ట్రేషన్ ఆఫీసు కౌంటర్లో అడిగితే చెప్తారు" అనుకోకండి, చెప్పరు. మిగిలేది ఎన్‌సీఆర్‌ఎస్ (పాత కార్వెట్లను బాగుచేసుకునేవాళ్ళ అమెరికా సంఘం) వాళ్ళిచ్చే షిప్పింగ్ రిపోర్టు. బండి ఏ డీలర్‌కి వెళ్ళిందో చెబుతుందే గానీ, ఎవరు కొన్నారో చెప్పదు.

కాబట్టి కాగితం వదిలేసి ఇనుము చూడాలి. 1968 నుంచి చాసిస్ నంబర్ కొట్టిన ప్లేటు ముందు అద్దం పక్కన, బయటికి కనబడేలా పెట్టారు. 1967 బండికి అలా కాదు. తలుపు తీసి, వంగి, గ్లవ్ బాక్స్ కింద అడ్డంగా ఉన్న రేకు మీద చూడాలి. ఆ ప్లేటు పీకడం తేలిక, కొత్తది కొట్టించడం ఇంకా తేలిక. దాన్నే నమ్ముకున్నవాడు మునిగాడు.

అసలు సాక్షి ఫ్రేమ్, అంటే బండిని మోసే ఉక్కు చట్రం. ఎడమ పట్టీ పైభాగంలో, వెనక చక్రం దగ్గర ఫ్రేమ్ పైకి లేచే చోట నంబర్ గుద్ది ఉంటుంది. దాని పైన ఫైబర్‌గ్లాస్ బాడీ కూర్చుంటుంది కాబట్టి చిన్న అద్దం, టార్చి పెట్టి చూడాలి, లేదా బాడీ ఎత్తాలి. మడ్డి పేరుకుని ఉంటే కిరసనాయిలు, ఇత్తడి బ్రష్షు వాడండి. గ్రైండర్ పెట్టారో, సాక్ష్యాన్ని మీరే చంపినట్టు. మన దగ్గర బండి అమ్మేటప్పుడు చాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింటు తీస్తారు చూడండి, ఇక్కడా అదే పని. అంకెలు అరగదీసి వేరేవి కొట్టారని అనుమానముంటే, గుద్దిన దెబ్బకి ఉక్కు లోపలిదాకా నలిగి ఉంటుంది కాబట్టి, కాపర్ క్లోరైడ్ కలిపిన యాసిడ్ పూస్తే పాత అంకెలు మళ్ళీ తేలే అవకాశముంది. అయితే ఆ వంపు దగ్గరే తుప్పు కూడా ఎక్కువ. ఫ్రేమ్ మొత్తం మార్చిన బండ్లు బోలెడు, నిజాయితీగా మార్చినవే.

ఇంజన్‌ది మరో లెక్క. కుడివైపు సిలిండర్ హెడ్ ముందు, బ్లాక్ మీద చిన్న చదును చోటు ఉంటుంది. అక్కడ వి0912హెచ్‌ఈ అని ఉంటే: వి అంటే ఫ్లింట్ ప్లాంటు, 0912 అంటే సెప్టెంబర్ 12, హెచ్‌ఈ అంటే మాన్యువల్ గేరుబాక్సుకి పోయే 327 క్యూబిక్ అంగుళాల ఇంజన్, 300 హార్స్‌పవర్. పక్కనే 7తో మొదలయ్యే బండి వరస సంఖ్య. బ్లాక్ పోత తేదీ ముందు, ఇంజన్ బిగించిన తేదీ తర్వాత, బాడీ తేదీ ఆ తర్వాత రావాలి. ఈ వరస తప్పితే కథ తప్పు. ఆ చదును మీద ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నని గీతలు ముందు నుంచి వెనక్కి నిలువుగా ఉంటాయి. అడ్డదిడ్డంగా ఎమరీ కాగితం గీతలుంటే ఎవరో రుద్ది నంబర్ మళ్ళీ కొట్టారు. ఓవర్‌హాల్‌లో బ్లాక్ చదును చేయిస్తే నంబర్ మొత్తం చెరిగిపోతుంది, అది మోసం కాదు. ఈ తేడా తెలియకుండా "నంబర్ లేదు, టైమ్ ట్రావెల్" అనేవాళ్ళకి దండం.

ఇవన్నీ సరిపోయినా రుజువయ్యేది బండి అసలుదని మాత్రమే. భవిష్యత్తు నుంచి వచ్చిందనడానికి బండిలో అరిగి మార్చేవి చూడాలి. టైరు పక్క గోడ మీద చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం. 2435 అని ఉంటే 2035లో 24వ వారం. అచ్చు చేయించుకోవచ్చనుకోండి, కనీసం అడగాల్సిన ప్రశ్న అది. సీటు తోలుదైతే దాని వయసు చెప్పే కార్బన్ 14 పరీక్ష ఉంది. అణు పరీక్షల వల్ల 1960ల మొదట్లో గాలిలో అది దాదాపు రెట్టింపై, అప్పట్నుంచి దిగుతూ వస్తోంది. 1967 తోలుకి లెక్క ఎక్కువ రావాలి. 2030ల తోలుకి అణు పరీక్షల ముందటి స్థాయికో, ఇంకా కిందికో పడుతుంది. చిక్కేమిటంటే 1950 నాటి తోలు కూడా అలాగే కనిపించొచ్చు. అసలు 1967లో తోలు సీటు అదనపు డబ్బుకి వచ్చేది, మామూలుగా వచ్చేది వినైల్. పెట్రోలియం సరుకు, అందులో కార్బన్ 14 వెతకడమే దండగ.

ఇంకో మాట. ఈ తరం కార్వెట్‌కి బయట నుంచి తెరిచే డిక్కీ లేదు. కన్వర్టిబుల్‌లో టాప్ మడిచి పెట్టే మూత ఎత్తి, సీట్ల వెనక సందులోకే ఏదైనా దించాలి. బరువైన యంత్రాన్ని ఎందుకు మార్చారో అర్థమవుతూనే ఉంది.

అయితే ఆ మార్చిన 1987 ట్రక్కుకి 17 అంకెల నంబర్ ఉంటుంది, ప్లేటు డాష్‌బోర్డు మీద బయటికే కనిపిస్తుంది, డేటాబేసుల్లో దొరుకుతుంది. కథలో నిజంగా ఆరా తీయగలిగిన బండి అదొక్కటే. దాని నంబర్ ఎంతని ఒక్కడూ అడగడు. అందరికీ కార్వెట్టే కావాలి.